వన్స్ మోర్ నుంచి ఫోర్‌కే దాకా

పద్యనాటకాల రోజుల్లో ప్రేక్షకుడి మాటకు తిరుగుండేది కాదు. రాయబారం సీనులో కృష్ణుడు పద్యం ఎత్తుకుని, రాగం సాగదీసి దింపేసరికి వెనక వరసల్లోంచి "వన్స్ మోర్" అని కేక పడేది. పాండవుల తరఫున ఎంత తొందర పని మీద వచ్చినా సరే, కృష్ణుడు మళ్ళీ మొదటి పాదం అందుకోవాల్సిందే. చచ్చిపడిన పాత్ర లేచి కూర్చుని, పద్యం ఇంకోసారి పాడి, మళ్ళీ పడుకున్న ముచ్చట్లు ప్రతి జిల్లాలోనూ చెప్పుకుంటారు. వాటిలో సగం కల్పితాలే కావచ్చు. ఆ కల్పనలోనైనా జనం పెత్తనం ఎంతటిదో తెలుస్తుంది. నచ్చినదాన్ని నచ్చిందని నలుగురిలో చెప్పడానికి తెలుగువాడు ముందుగా నేర్చుకున్న పద్ధతి అదే, ఇంకోసారి కావాలని అడగడం.

1932 ఫిబ్రవరి 6న హెచ్.ఎం. రెడ్డి ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు టాకీ వచ్చాక ఈ పద్ధతికి గండి పడింది. హాల్లో ఎంత అరిచినా తెర మీది నటుడికి వినపడదు. ఇంకోసారి కావాలంటే ఇంకో టిక్కెట్టు కొనుక్కోవాలి, లేదా వేరే దారి చూసుకోవాలి. ఆ వేరే దారుల చరిత్రే, నా లెక్కన, తెలుగువాళ్ళ అభిమాన చిత్రాల చరిత్ర. పది సినిమాల పేర్లు వరసగా రాసి నంబర్లు వేసుకోవడం మనకు ఈమధ్య అబ్బిన అలవాటు. అంతకు ముందు చాలాకాలం నచ్చిన సినిమాను మళ్ళీ పాడుకున్నాం, మళ్ళీ చెప్పుకున్నాం, మళ్ళీ విన్నాం. ఏ సినిమా ఏ రూపంలో తిరిగి తిరిగి ఎదురైందో అదే ఆ తరానికి ఎప్పటికీ నచ్చే సినిమాగా నిలిచింది. తిరిగి రాలేనిది ఎంత గొప్పదైనా పోయింది. ఆ ‘భక్త ప్రహ్లాద’ సంగతే చూడండి. ప్రింటు మిగల్లేదు గనక చరిత్ర పుస్తకాల్లో తప్ప ఎవరి ఇష్టాల్లోనూ దానికి చోటు లేదు.

మొదటి దారి పాటల పుస్తకం. ఇంటర్వెల్లో సోడాలు, శనక్కాయలతో పాటు కుర్రాళ్ళు అణాకో బేడకో అమ్మేవారు. పల్చటి చవక కాగితం, నాలుగైదు రేకులు మడిచి కొట్టిన పిన్ను, అట్ట మీద ఒకే రంగులో నాయికానాయకుల బొమ్మ. తిప్పగానే పాత్రధారుల పట్టిక, ఆ పక్కన కథాసంగ్రహం. నాయికను ప్రతినాయకుడు చెరబట్టే ఘట్టం దాకా కథ గడగడా నడిచి, సరిగ్గా అక్కడ ఆగి, మిగతాది వెండితెర మీద చూడండి అని చేతులు దులిపేసుకునేది. సినిమా చూస్తూ చూస్తూ ఇంటర్వెల్లో కొన్నవాడికి కూడా ఆ మాటే చెప్పడం అందులోని చమత్కారం. కొన్నది కథ కోసం కాదు గనక ఎవరూ పట్టించుకునేవారు కాదు. వెనక పేజీల్లో పాటలన్నీ ఉండేవి. ఆడవాళ్ళు ఈ పుస్తకాలను చింపకుండా దాచి, పదీ పదిహేను కలిపి దారంతో కుట్టి, ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టుకునేవారు. ఆ కట్టలో ఏది పైకి నలిగి ఉందో చూస్తే ఆ ఇంట్లో ఏ సినిమా అంటే ఇష్టమో తెలిసిపోయేది.

రెండో దారి నోటిమాట. ఇప్పుడు మౌత్ టాక్ అంటున్న దానికి అప్పటి స్వరూపం చాలా విస్తారంగా ఉండేది. సినిమాహాలు ఉన్న ఊరికి బండి కట్టుకుని వెళ్ళేది కొద్దిమంది. మర్నాడు అరుగు మీద వాళ్ళ చుట్టూ చేరేది ఊరంతా. కథ చెప్పేవాళ్ళలో కొందరికి ఊళ్ళో పేరుండేది. వాళ్ళు రాజనాల నవ్వు నవ్వుతారు, సూర్యకాంతం చెయ్యి తిప్పుతారు, పాట దగ్గరికి వచ్చేసరికి పాటే పాడతారు. మధ్యలో పిల్లవాడికి అన్నం పెట్టడానికి లేచి వెళ్ళి, తిరిగి వచ్చి, ఆపిన చోటే ఎత్తుకుంటారు. మొత్తం మీద అసలు సినిమా కంటే ఎక్కువసేపే పట్టేది. వినేవాళ్ళలో చాలామంది ఆ సినిమాను జన్మలో చూసి ఉండరు. అయినా అడిగితే తమకిష్టమైన సినిమా అదేననేవారు. సినిమా చూడకుండానే అభిమానించడం వింతగా అనిపించవచ్చుగానీ, హరికథ విని రుక్మిణీ కల్యాణాన్ని ఇష్టపడిన జనానికి అందులో వింతేమీ లేదు.

పౌరాణికాలకు ఈ దేశంలో దక్కిన ఆదరణ అంతా భక్తి వల్లే అనుకోవడం సగం నిజం. ముందే తెలిసిన కథ తిరిగి చెప్పడానికి వీలుగా ఉంటుంది. ‘మాయాబజార్’ సంగతి తీసుకుందాం. సురభి వాళ్ళ నాటకాల్లో మాయాబజార్ పేరుపడ్డ ఆట. 1936లో అదే కథ సినిమాగా వచ్చింది. 1957 మార్చి 27న విజయా వారి ‘మాయాబజార్’ విడుదలయ్యేసరికి శశిరేఖ పెళ్ళిలో ఏం జరగబోతోందో హాల్లో ప్రతివాడికీ తెలుసు. దర్శకుడు కె.వి. రెడ్డికి కావలసింది కూడా అదే. తెలిసిన కథ గనక జనం ఏం జరుగుతుందోనని ఆత్రపడకుండా ఎలా జరుగుతుందో చూడటానికి తీరుబడిగా కూర్చున్నారు. కెమెరాతో మార్కస్ బార్ట్లే పట్టిన వెన్నెల, పింగళి నాగేంద్రరావు పుట్టించిన కొత్త మాటలు, వివాహ భోజనం దగ్గర ఎస్.వి. రంగారావు ఆకారం, శశిరేఖ ఒంట్లో ఘటోత్కచుణ్ణి పెట్టుకుని సావిత్రి వేసిన మగనడక, ఇవన్నీ రెండోసారి చూసినప్పుడు మొదటిసారి కంటే బాగుంటాయి. ‘పాతాళ భైరవి’ (1951), ‘మిస్సమ్మ’ (1955), ‘గుండమ్మ కథ’ (1962) కూడా ఈ కోవలోవే. సస్పెన్సు మీద ఆధారపడని సినిమాలు గనక వాటికి పాతబడే భయం లేకపోయింది.

‘లవకుశ’ది ఇంకో కథ. 1934లో సి. పుల్లయ్య కలకత్తాలో తీసినప్పుడే జనం బళ్ళు కట్టుకుని వెళ్ళి చూశారు. ఆయనే మళ్ళీ మొదలుపెట్టి, కొడుకు సి.ఎస్. రావు పూర్తిచేయగా, 1963 మార్చి 29న పూర్తి రంగుల్లో వచ్చిన మొదటి తెలుగు సినిమాగా విడుదలైంది. డబ్బు చాలక ఏళ్ళ తరబడి ఆగి ఆగి సాగిన నిర్మాణం. జనం మాత్రం ఒక్కసారి చూసి ఊరుకోలేదు. ఇంటిల్లిపాదీ, అందులోనూ ముసలివాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళే సినిమా అయింది. మా ఇంట్లో పెద్దవాళ్ళ నోట విన్నంతవరకు, ‘లవకుశ’ చూశానని ఎవరూ అనేవారు కాదు, ఎవరెవరికి చూపించారో చెప్పేవారు. నచ్చిన సినిమాను పంచుకోవడమంటే అప్పట్లో అంతే, టిక్కెట్టు కొని పక్కన కూర్చోబెట్టుకోవడం.

ఈ ఇష్టాలకు లెక్కలు కట్టే పని వాల్‌పోస్టరు చేసింది. యాభై రోజులు, శతదినోత్సవం, ఇరవై అయిదు వారాలైతే రజతోత్సవం. సంస్కృతం రానివాడికి కూడా ఈ మూడు మాటలూ వచ్చు. రామారావు, నాగేశ్వరరావు అభిమానుల మధ్య, తర్వాత కృష్ణ అభిమానులు కూడా చేరాక, ఏ ఊళ్ళో ఎన్ని రోజులన్నది కచ్చితమైన శాస్త్రమైంది. సినిమా తనంతట తాను ఆడిందా, ఆడించారా అనే ఎకసెక్కం కూడా అప్పుడే పుట్టింది. వందో రోజు దగ్గరపడితే అభిమానులే టిక్కెట్లు కొని ఖాళీ కుర్చీలకు ఆట వేయించడం అందరికీ తెలిసిన రహస్యం. అందుకే రోజుల లెక్కను ఇష్టానికి కొలమానంగా నేను పెద్దగా నమ్మను. అయితే రెండు సందర్భాల్లో ఆ లెక్కకు తలవంచక తప్పదు. బాలచందర్ ‘మరో చరిత్ర’ (1978) మద్రాసు సఫైర్ థియేటర్లో డబ్బింగు లేకుండా, తెలుగులోనే 596 రోజులు ఆడింది. అక్కడి తమిళ కుర్రకారుకు ఏ అభిమాన సంఘమూ డబ్బివ్వలేదు. 1980 ఫిబ్రవరి 2న వచ్చిన ‘శంకరాభరణం’ది మరీ విడ్డూరం. కొనడానికి పంపిణీదారులు వెనకాడిన సినిమా, హీరో స్థానంలో జె.వి. సోమయాజులు అనే డిప్యూటీ కలెక్టరు. మొదటి రోజుల్లో పల్చగా ఉన్న హాళ్ళు నోటిమాటతోనే నిండాయి. మలయాళంలోకి మాటలు మార్చినా పాటలు తెలుగులోనే ఉంచారు. అర్థం కాని పాటలను కేరళ మళ్ళీ మళ్ళీ వింది.

పత్రికలు కూడా వాటి వంతు పని చేశాయి. ముళ్ళపూడి వెంకటరమణ ఆంధ్రపత్రిక వీక్లీలో సినిమాలను చెండాడిన కాలంలో సమీక్ష చదవడం కోసమే ఆ సినిమా చూసినవాళ్ళుండేవారు. 1966లో విజయా సంస్థ నాగిరెడ్డి ‘విజయచిత్ర’ పెట్టారు. రావి కొండలరావు అందులో ఏళ్ళ తరబడి పనిచేశారు. మంచి కాగితం, మంచి బొమ్మలు, దిగజారని రాతలు. తర్వాత ‘సితార’, ‘జ్యోతిచిత్ర’ వచ్చాయి. పాఠకులు పోస్టుకార్డు మీద ప్రశ్నలడిగే శీర్షికల్లో మీకు బాగా నచ్చిన చిత్రమేది అన్నది పాతబడని ప్రశ్న. జవాబిచ్చేవాడు తప్పించుకునేవాడు, అడిగినవాడు ఇంకో వారం ఇంకో పత్రికకు రాసేవాడు. ఓట్ల పద్ధతి ఆంగ్ల పత్రిక ‘ఫిల్మ్‌ఫేర్’తో వచ్చింది. 1954లో తొలి అవార్డులకు 20,000 మందికి పైగా పాఠకులు ఓటు వేశారు. దక్షిణాది భాషలకు విస్తరించాక 1963 సంవత్సరానికి తెలుగులో ‘నర్తనశాల’ను ఉత్తమ చిత్రమన్నారు. ప్రభుత్వం నంది బహుమతులు 1964 నుంచి ఇచ్చింది. ఇవన్నీ ఆ యేటి సినిమాల గురించి. ఎప్పటికీ నచ్చేది ఏదన్న తీర్పు ఈ బహుమతుల్లో ఎక్కడా లేదు.

ఆ తీర్పు చెవులు చెప్పాయి. ఆకాశవాణిలో ఆదివారం మధ్యాహ్నం వచ్చే సంక్షిప్త శబ్దచిత్రం గురించి ఇప్పటి పిల్లలకు వివరించడం కష్టం. రెండున్నర మూడు గంటల సినిమా సౌండ్‌ట్రాకును గంటకు కుదించి, బొమ్మ లేకుండా వినిపించేవారు. మధ్యలో నిశ్శబ్దం వస్తే ఎవరో తలుపు తీస్తున్నారని, గలగలమంటే నాయిక పరిగెడుతోందని ఊహించుకోవాలి. ఇంటి ముందు రేడియో పెడితే పక్కింటివాళ్ళు పీటలు తెచ్చుకునేవారు. మాటలు బలంగా ఉన్న సినిమాలకే ఇందులో గెలుపు. చూపుల మీద, మౌనాల మీద నడిచిన మంచి సినిమాలు రేడియోలో చప్పగా చచ్చిపోయేవి. ‘జనరంజని’లో కోరిన పాట వేసే ముందు ఫలానా ఊరి నుంచి ఫలానా వాళ్ళు, వాళ్ళ స్నేహితులు అంటూ చదివే పేర్ల చిట్టా ఉండేది. రేడియో సిలోన్ నుంచి మీనాక్షి పొన్నుదురై గొంతులో తన పేరు వినాలని కార్డులు రాసినవాళ్ళు కోకొల్లలు. నాకీ పాట ఇష్టం అని సముద్రం అవతలి నుంచి ఊరంతటికీ చాటుకోవడం చిన్న సంగతి కాదు.

రేడియో వేసిందే వినాలి. ఎల్పీ రికార్డు, ఆ తర్వాత క్యాసెట్టు వచ్చాక ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎన్నిసార్లంటే అన్నిసార్లు. ఇక్కడే తెలుగువాళ్ళు ఇంకో అడుగు ముందుకు వేశారని నా అభిప్రాయం. పాటలతో తృప్తిపడకుండా మాటల రికార్డులు కొన్నారు. ‘ముత్యాలముగ్గు’ (1975) మాటలు రావు గోపాలరావు విరుపులతో సహా జనానికి నోటికొచ్చాయి. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’ నాలుగు గంటల సినిమా. కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణలు, మూడు పాత్రల్లో రామారావు గొంతు. పెళ్ళి పందిట్లో, రామనవమి పందిట్లో, సంతలో, హోటల్లో మైకు కట్టిన చోటల్లా అస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టం మోగేది. సుయోధనుడు కులం గురించి నిలదీసే ఆ దీర్ఘమైన మాటను ఒక్క పొల్లు జారకుండా చెప్పగల కుర్రాడు ప్రతి స్కూల్లోనూ ఒకడుండేవాడు. వార్షికోత్సవంలో వాడు చెబుతుంటే కింద నుంచి "వన్స్ మోర్" పడేది. నాటకం నుంచి టాకీ లాక్కున్న హక్కును క్యాసెట్టు జనానికి తిరిగి ఇచ్చింది.

బొమ్మ కూడా వీధిలోకి వచ్చింది. వినాయక చవితికి, శ్రీరామనవమికి చందాలు వేసుకుని 16 ఎంఎం ప్రొజెక్టరు అద్దెకు తెచ్చేవారు. రోడ్డుకు అడ్డంగా రెండు గుంజలు పాతి తెల్లటి తెర కడితే బండ్లు వేరే వీధిలోంచి పోవాల్సిందే. రీలు అయిపోయినప్పుడల్లా బల్బు వెలుగుతుంది, ఆపరేటరు చుట్టూ పిల్లలు మూగుతారు, తెగిన ముక్కను అతను గీకి అతికిస్తుంటే ఊపిరి బిగబట్టి చూస్తారు. ముందు చోటు దొరకనివాళ్ళు తెర వెనక చాపలు వేసుకునేవారు. వాళ్ళకు పేర్లు అద్దంలో అక్షరాల్లా తిరగబడి కనిపించేవి, కత్తి ఎడమచేతిలో ఉండేది. ఏ సినిమా తేవాలన్న దాని మీద చందాల పుస్తకం దగ్గర జరిగే వాదన ఈనాటి ఏ పోలింగుకూ తీసిపోదు. పెద్దవాళ్ళు పౌరాణికమనేవారు, కుర్రాళ్ళు కృష్ణ గూఢచారి సినిమా అనేవారు. చివరికి అద్దెకిచ్చేవాడి దగ్గర ఆ రాత్రికి ఏ డబ్బా ఖాళీగా ఉందో అది వచ్చేది. ‘మాయాబజార్’, ‘గుండమ్మ కథ’ లాంటివి ఇలా ఏటేటా ఊళ్ళు తిరిగి, థియేటర్లో చూసే వయసు లేని తరాలకు కూడా సొంతమయ్యాయి.

హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలైంది. ఊరూరా ట్రాన్స్‌మిటర్లు పడ్డాక శనివారం సాయంత్రం తెలుగు సినిమా, శుక్రవారం ‘చిత్రలహరి’. వీసీఆర్ కాలంలో టీవీతో సహా ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, సొమ్ము వృథా కాకూడదని తెల్లవార్లూ వరసగా మూడు క్యాసెట్లు చూసేవారు. మూడో సినిమా ఏమిటో మర్నాడు ఎవరికీ గుర్తుండేది కాదు. అమెరికా వెళ్ళినవాళ్ళకు ఇండియన్ కిరాణా కొట్టులో పప్పుల పక్కన అద్దెకుండే వీడియో క్యాసెట్లే తెలుగునేల.

శాటిలైట్ ఛానెళ్ళు ఒక తమాషా చేశాయి. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాక సినిమా తిరిగి తిరిగి వచ్చే వేగం వంద రెట్లయింది.  త్రివిక్రమ్ ‘అతడు’ (2005) టీవీలో ఎన్నిసార్లు వేసినా రిమోటు కదలని సినిమాగా పేరుపడింది. హాల్లో ఓడినవి కూడా ఇంట్లో గెలవడం మొదలైంది. ఆయనదే ‘ఖలేజా’ (2010) విడుదలైనప్పుడు పరాజయం. టీవీలో నెలనెలా వచ్చేసరికి అందులోని వెటకారం నెమ్మదిగా తలకెక్కింది, తర్వాత మీమ్స్ చేసే పిల్లలు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. అదే ఏడాది పోయిన ‘ఆరెంజ్’ను పాటలు బతికించాయి. వాల్‌పోస్టరు లెక్కలో ఈ రెంటికీ సున్నా. ఇష్టాల లెక్కలో శతదినోత్సవాలు చేసుకున్న ఎన్నో సినిమాల కంటే పైన ఉన్నాయి.

జాబితాలు ఇంత ఆలస్యంగా మన దగ్గరకొచ్చాయి. బ్రిటన్‌లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక 1952 నుంచి పదేళ్ళకోసారి విమర్శకులను అడుగుతోంది. మొదటిసారి ‘బైసికిల్ థీవ్స్’, 1962 నుంచి 2002 దాకా ‘సిటిజన్ కేన్’, 2012లో ‘వెర్టిగో’, 2022లో షాంతాల్ ఆకెర్మాన్ ‘జాన్ డీల్‌మాన్’. మనదేశంలో సినిమాకు నూరేళ్ళు నిండిన 2013లో సీఎన్‌ఎన్-ఐబీఎన్ ఛానెల్ వంద భారతీయ చిత్రాల పట్టిక పెట్టి జనాన్ని ఆన్‌లైన్లో ఓటు వేయమంటే ‘మాయాబజార్’కు మొదటి స్థానం దక్కింది. ఢిల్లీ, బొంబాయి పత్రికలకు ఇది ఆశ్చర్యం. రామనవమి తెరలు, ఆదివారం రేడియో, జెమిని మధ్యాహ్నాలు తెలిసినవాళ్ళకు ఆశ్చర్యం ఎందుకుంటుంది? 2010లో రంగులద్ది మళ్ళీ థియేటర్లలో వేసిన సంగతి కూడా జనానికి ఇంకా తాజాగానే ఉంది. తెలుగువాళ్ళు కంప్యూటర్ల ముందు ఎక్కువమంది కూర్చుంటారు గనక గెలిచిందన్న ఎత్తిపొడుపులో కొంత నిజం ఉంటే ఉండవచ్చు. ఏ పోలింగు మాత్రం ఓపికున్నవాళ్ళది కాదు?

2022లో అంతర్జాతీయ విమర్శకుల సమాఖ్య భారత విభాగం పది ఉత్తమ చిత్రాలను ఎంపిక చేసింది. ‘పథేర్ పాంచాలి’ మొదటిది. దక్షిణాది నుంచి మలయాళ ‘ఎలిప్పత్తాయం’, కన్నడ ‘ఘటశ్రాద్ధ’ ఉన్నాయి. తెలుగు సినిమా ఒక్కటీ లేదు. తెలంగాణ పల్లెలో నడిచే శ్యామ్ బెనెగల్ ‘అంకుర్’ మాత్రం ఉంది. జనం పట్టికకూ విమర్శకుల పట్టికకూ ఇంత దూరం ఉండటం మీద చాలామంది నొచ్చుకున్నారు. నాకు అది సహజంగానే తోచింది. విమర్శకుడు ఒంటరిగా ఒకసారి చూసి తూకం వేస్తాడు. మనవాళ్ళు చూసింది గుంపులో, పదేపదే, పిల్లలకు అన్నం తినిపిస్తూ.

ఇప్పుడు మళ్ళీ థియేటర్ల వంతు వచ్చింది. 2022 ఆగస్టు 9న మహేశ్‌బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ని ఫోర్‌కేలో వేస్తే కొత్త సినిమా స్థాయిలో జనం వచ్చారు. సెప్టెంబరులో పవన్ కల్యాణ్ కోసం ‘జల్సా’. 2023లో ‘ఆరెంజ్’ వేసినప్పుడు హాలంతా నిలబడి పాటలు పాడింది. 2025 మేలో ‘ఖలేజా’ పదిహేనేళ్ళ క్రితం దక్కని ఈలలు వేయించుకుంది. అదే నెల 9న ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ వచ్చింది. 1990లో సరిగ్గా అదే తేదీన, తుఫాను వానల మధ్య విడుదలైన సినిమా. నీళ్ళు నిలిచిన హాళ్ళకు కూడా జనం వెళ్ళిన సంగతి చిరంజీవి అభిమానులు ఇప్పటికీ మురిపెంగా చెబుతారు.

ఈ కొత్త పద్ధతిలో ఒక మెలిక ఉంది. తేదీని ఎక్కువగా నిర్ణయించేది హీరో పుట్టినరోజు. బ్యానరు కట్టేది, ముందస్తు టిక్కెట్లు అమ్మిపెట్టేది, తెర ముందు కాగితాలు చల్లేది అభిమాన సంఘం. కాబట్టి సంఘం ఉన్న సినిమాయే తిరిగి వస్తుంది. ‘ముత్యాలముగ్గు’లో జనానికి గుర్తున్నది ప్రతినాయకుడు, రచయిత, దర్శకుడు బాపు. వీళ్ళ పేర పాలాభిషేకాలు చేసేవాళ్ళు లేరు. భానుమతి పుట్టినరోజు సెప్టెంబరు 7. ఆ రోజున ఆమె నాయికగా వేసిన బి.ఎన్. రెడ్డి ‘మల్లీశ్వరి’ని ఫోర్‌కే చేసి వెయ్యమని ఏ థియేటరు ముందూ బ్యానరు కట్టిన సంఘం నాకైతే కనిపించలేదు. ఆ సినిమా ఇష్టమైనవాళ్ళు యూట్యూబులో పెట్టుకుని చూసి, లింకు ఫ్యామిలీ గ్రూపులో పడేసి, మర్నాడు ఫోను చేసి మరీ చూశారా లేదా అని అడుగుతున్నారు.